మట్టిని నమ్మినోడు, మందుకు హద్దు చెప్పినోడు

యాంటీబయాటిక్‌ల కథ ఎవరు చెప్పినా ఫ్లెమింగ్ కాన్నించే మొదలుపెడ్తరు. పెన్సిలిన్ గొప్పదే, కాదనేటోళ్లు లేరు. గని ఆ పెన్సిలిన్ ఇంకా ఎవరికీ పట్టక మూలకు పడి ఉన్న దినాలల్ల, మట్టిలకెల్లి ఒక మందు తీసి, శుద్ధి చేసి, ఎలుకలను బతికించి చూపెట్టినోడు ఇంకొకాయన ఉన్నడు. ఆయన పేరు రెనే డ్యూబో. ఫ్రాన్స్‌ల పుట్టి అమెరికాల బతికిండు. ఆయన తీసిన మందు గ్రామిసిడిన్. అది ఒక పెప్టైడ్. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు పూసల లెక్క గుచ్చిన చిన్న దండ. ఇయ్యాల ప్రపంచమంతా ల్యాబులల్ల కంప్యూటర్ మీద గీసి, పూస పూస ఏరి తయారుచేస్తున్న బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్‌లకు గ్రామిసిడిన్ పెద్దక్క అసొంటిది.

నేను ఆయన గురించి రాసేది మందు కనిపెట్టిండని ఒక్కటే కాదు. మందు ఒక్కటే సాలదని అందరికంటే ముందు చెప్పింది సుత ఆయనే. మొదటి ముచ్చటను సైన్సు పుస్తకాలు యాది పెట్టుకున్నయి. రెండో ముచ్చటను మనమందరం మరిచిపోయినం. ఆ మరుపు ఖర్చు ఇప్పుడు దవాఖానల ఐసీయూలల్ల కడ్తున్నం.

డ్యూబో 1901 ఫిబ్రవరి 20న పారిస్ దగ్గర్లో పుట్టిండు. తండ్రిది మాంసం కొట్టు. ఎనోన్‌విల్ అనే చిన్న ఊర్ల పెరిగిండు. చిన్నప్పుడే కీళ్లవాతం జరమొచ్చి గుండె దెబ్బతిన్నది. ఉరికి ఆడుకునే వయసుల మంచం మీద పుస్తకాలు పట్టుకున్నడు. తర్వాత ఇల్లు పారిస్‌కు మారింది. మొదటి ప్రపంచయుద్ధానికి తండ్రి పోతే, తల్లితోని కలిసి కొట్టు చూసుకున్నడు. యుద్ధం ఒడిసినంక తండ్రి కాలం చేసిండు. ఇంట్ల పైసలు లేవు, ఒంట్ల బలం లేదు. అయినా పారిస్‌ల వ్యవసాయ శాస్త్రం చదివి, రోమ్‌ల ఒక అంతర్జాతీయ వ్యవసాయ సంస్థల చిన్న కొలువు పట్టిండు. వేరే దేశాల పత్రికలు చదివి, వాటి సారం రాసిచ్చుడు ఆ కొలువు.

ఆ కొలువుల ఉన్నప్పుడే ఒక వ్యాసం ఆయన బతుకును మలిపింది. రాసింది వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త. సూక్ష్మజీవిని దాని తావులకెల్లి తెచ్చి, గాజు గిన్నెల ఒంటరిగ పెంచి చూస్తే దాని అసలు గుణం తెల్వదు, మట్టిల వేరే జీవులతోని కొట్లాడుకుంట, పంచుకుంట బతికే కాడనే దాన్ని చూడాలె అన్నది అందులోని సారం. డ్యూబోకు అది మనసుల నాటుకున్నది. నా లెక్కల, తర్వాత ఆయన చేసిన పనులన్నిటికీ విత్తు అదే.

1924ల అమెరికా పోయే ఓడ ఎక్కిండు. రోమ్‌ల పరిచయమైన సెల్మన్ వాక్స్‌మన్ అదే ఓడల కలిసిండు. వాక్స్‌మన్ రట్గర్స్ విశ్వవిద్యాలయంల మట్టి సూక్ష్మజీవుల పండితుడు. డ్యూబోను ఎంటబెట్టుకొని పోయి విద్యార్థిగ చేర్చుకున్నడు. గడ్డి, కట్టె, ఆకుల్లో ఉండే సెల్యులోజ్‌ను మట్టిల ఎవరు తింటున్నరు అన్నది డ్యూబో పరిశోధన. ఆయనకు తేలింది ఏందంటే, ఆ పని చేసే జీవి ఒక్కటి కాదు. తేమ ఎంత, గాలి ఎంత, పులుపు ఎంత అన్నదాన్ని బట్టి పనిచేసే జీవి మారుతది. అంటే తావు మారితే ఆటగాడు మారుతడు. 1927ల డాక్టరేట్ వచ్చింది.

అదే ఏడు న్యూయార్క్‌ల రాక్‌ఫెల్లర్ సంస్థకు పోయి, తన దేశపోడే అయిన అలెక్సిస్ కరెల్‌ను సలహా కోసం కలిసిండు. పగటి బువ్వ కాడ పక్కన కూసున్నది ఆస్వల్డ్ ఏవరీ. ఏవరీ అప్పుడు నిమోనియా తెచ్చే న్యూమోకాకస్‌తోని తల పట్టుకొని ఉన్నడు. ఆ బ్యాక్టీరియా చుట్టూ చక్కెర అసొంటి పదార్థంతోని ఒక మందపాటి కవచం ఉంటది. మన రక్తంల ఉండే కాపలా కణాలు దాన్ని పట్టలేకపోతయి. ఆ కవచం ఊడబీకేది ఏదన్నా దొరికితే రోగం లొంగుతదని ఏవరీ ఆశ.

డ్యూబో ఆలోచన రైతు ఆలోచన. ఆ చక్కెర లోకంల కుప్పలు కుప్పలుగ పేరుకపోలేదు. అంటే మట్టిల ఎవడో దాన్ని తింటున్నడు. ఆ తినేటోన్ని పట్టాలె. న్యూజెర్సీల క్రాన్‌బెర్రీ పండ్లు పండే బురద నేల మట్టి తెచ్చి, దానికి ఆ చక్కెరనే మేతగ పెట్టిండు. తినేటోడు దొరికిండు. వాడు చేసే ఎంజైమ్‌తోని న్యూమోకాకస్ కవచం ఊడింది, ఎలుకలు బతికినయి. 1930ల ఇది అచ్చయింది. ఇంకో వింత కూడా చూసిండు. వేరే మంచి మేత దొరికితే ఆ జీవి ఈ ఎంజైమ్‌ను చెయ్యదు. ఆ చక్కెర తప్ప గతి లేనప్పుడే చేస్తది. అంటే సూక్ష్మజీవి గుణం దాని లోపల ఎంత ఉన్నదో, దాని చుట్టూ సుత అంతే ఉన్నది. సల్ఫా మందులు వచ్చి ఆ ఎంజైమ్‌ను దవాఖాన దాకా పోనియ్యలేదు. గని దారి మాత్రం దొరికింది.

రెండోసారి మట్టికి చక్కెర పెట్టలేదు, బతికున్న బ్యాక్టీరియానే మేపిండు. చీము పట్టిచ్చే రకాలను తెచ్చి మట్టిల పోసుకుంట రెండేండ్ల దాకా ఓపిక పట్టిండు. ఆ మట్టిల వాటినే తిని బతికే బలమైనోడు లేస్తడని ఆయన నమ్మకం. లేచిండు. బాసిల్లస్ బ్రెవిస్ అనే మట్టి బ్యాక్టీరియా. దాని నుంచి తీసిన సారానికి టైరోత్రిసిన్ అని పేరు పెట్టిండు. రోలిన్ హాచ్‌కిస్ అనే రసాయన శాస్త్రవేత్తతోని కలిసి దాన్ని రెండుగ విడగొట్టిండు. ఒకటి గ్రామిసిడిన్, ఇంకోటి టైరోసిడిన్. 1939ల లోకానికి చెప్పిన్రు. ఆ ఏడే న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనల పెట్టిన పేరుమోసిన పాడి ఆవులకు పొదుగువాపు వస్తే గ్రామిసిడిన్ వాడి నయం చేసిన్రు. మందును మనిషికంటే ముందు పసులు మెచ్చుకున్నయన్నమాట.

ఇంగ్లండ్‌ల ఫ్లోరీ, చెయిన్‌లు పెన్సిలిన్ మీద పట్టుదలగ పనిచేస్తున్న కాలం సుత అదే. మట్టిల, బూజుల మందు ఉంటదన్న నమ్మకం డ్యూబో పనితోని గట్టిపడ్డది. ఆయన గురువు వాక్స్‌మన్ కూడా అదే బాట పట్టిండు. ఆయన ల్యాబ్‌ల 1943ల స్ట్రెప్టోమైసిన్ బయటపడ్డది. అది టీబీకి మొదటి యాంటీబయాటిక్. పెన్సిలిన్‌కు నోబెల్ వచ్చింది, స్ట్రెప్టోమైసిన్‌కు నోబెల్ వచ్చింది. బాట ఏసిన డ్యూబోకు రాలేదు.

మరి గ్రామిసిడిన్ ఎందుకు ముందుకు పోలేదు? ఇదే అసలు ముచ్చట. కణం చుట్టూ ఉండే పొరను చెరువు కట్ట అనుకోన్రి. కట్టకు ఇవతల ఒక నీటి మట్టం, అవతల ఇంకో మట్టం ఉన్నట్టే, కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఆ తేడానే కణానికి బతుకు. కొవ్వు అణువులు రెండు వరుసలుగ పేర్చిన ఆ కట్ట, ఉప్పు కణాలను ఊరికె దాటనియ్యదు. గ్రామిసిడిన్‌ల పదిహేను అమైనో ఆమ్లాలు ఉంటయి. కుడి రకం ఒకటి, ఎడమ రకం ఒకటి మార్చి మార్చి గుచ్చినట్టు ఉంటయి. అందుకే అది స్ప్రింగు లెక్క చుట్టుకొని నడుమ బోలుగ ఉంటది. రెండు గ్రామిసిడిన్‌లు పొరల మూతికి మూతి పెట్టి కలిస్తే ఒక సన్నని తూము తయారైతది. సోడియం, పొటాషియం ఆ తూముల నుంచి అటూ ఇటూ పారుతయి. మట్టాలు సమానమైతయి. కణం పగలదు, గని బలం పోయి సస్తది.

కష్టమేందంటే, ఆ తూము ఎవరి కట్టకు పెట్టాలెనో దానికి తెల్వదు. బ్యాక్టీరియా పొరల ఎట్ల దూరుతదో, మన ఎర్ర రక్తకణాల పొరల సుత అట్లనే దూరుతది. రక్తనాళంల ఎక్కిస్తే రక్తకణాలే పాడైతయి. అందుకని గ్రామిసిడిన్ ఒంటి పైకే పరిమితమైంది. పుండ్లకు, కండ్లకు, చెవులకు వాడిన్రు. ఇప్పటికీ కొన్ని కండ్ల చుక్కల మందులల్ల అది ఉంటది. రష్యాల గౌజె, బ్రాజ్నికోవా అనే భార్యాభర్తలు 1942ల ఇంకో రకం, గ్రామిసిడిన్ ఎస్, తీసిన్రు. యుద్ధంల గాయపడ్డ సైనికులకు వాడిన్రు. దానిది సుత పైపూత బతుకే.

ఇయ్యాల పెప్టైడ్‌లు డిజైన్ చేసేటోళ్ల తలనొప్పి అంతా గీ ఒక్క ముడి కాడనే ఉన్నది. బ్యాక్టీరియా పొరకు, మన కణం పొరకు ఉన్న తేడా ఏంది? బ్యాక్టీరియా పొర బయటివైపు రుణావేశం ఎక్కువ. మన కణాల బయటివైపు దాదాపుగ ఏ ఆవేశం లేదు, పైగా కొలెస్టరాల్ కలిసి గట్టిగుంటది. అందుకే పెప్టైడ్‌ల లైసిన్, ఆర్జినిన్ అసొంటి ధనావేశం ఉన్న పూసలు పెడ్తరు. అవి అయస్కాంతం లెక్క బ్యాక్టీరియా వైపే గుంజుకపోతయి. ఒక దిక్కు నీళ్లను ఇష్టపడే పూసలు, ఇంకో దిక్కు కొవ్వును ఇష్టపడే పూసలు ఉండేటట్టు చేస్తరు. కొవ్వు దిక్కు మరీ ఎక్కువైతే మళ్ల మన రక్తకణాల మీద పడ్తది. తక్కువైతే బ్యాక్టీరియాను కూడా ఏం చెయ్యదు. ఉప్పు ఎంత పడాలెనో తెలిసిన వంట లెక్క ఇది.

ఈ ముచ్చటల హైదరాబాద్‌కు సుత వాటా ఉన్నది. పుష్ప మిత్ర భార్గవ, ఆయన తోటోళ్లు దున్న, ఎద్దు జాతి పసుల వీర్యద్రవంల సెమినల్‌ప్లాస్మిన్ అనే ప్రొటీన్ బ్యాక్టీరియాను అడ్డుకుంటదని 1979ల చూపిన్రు. తర్వాత సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ ప్రొటీన్‌లకెల్లి పదమూడు పూసల ముక్కను కృత్రిమంగ తయారుచేసి చూసిన్రు. అది బ్యాక్టీరియాను చంపింది, ఎర్ర రక్తకణాలను సుత పగలగొట్టింది. అచ్చం డ్యూబోకు ఎదురైన కష్టమే. దాంట్ల రుణావేశం ఉన్న గ్లుటామిక్ ఆమ్లం తీసి, ధనావేశం ఉన్న లైసిన్ పెట్టిన్రు. బ్యాక్టీరియాను చంపే బలం పెరిగింది, రక్తకణాల మీద దెబ్బ మాత్రం పెరగలేదు. ఒక పూస మారిస్తే అంత తేడా. ఉప్పల్ రోడ్డు మీద బస్సుల పోయేటోళ్లకు ఆ గేటు లోపల గింత పని జరిగిందని తెల్వాలె.

మళ్ల డ్యూబో కాడికి వస్త. మందు పేరు పేపర్లల్ల మోగుతున్న టైంలనే ఆయన ఇంట్ల చీకటి పడ్డది. భార్య మారీ లూయీజ్ బొనే 1942ల టీబీతోని పోయింది. చిన్నప్పుడు తగిలిన టీబీ ఒంట్ల నిద్రపోయి ఉన్నదని, ఫ్రాన్స్‌ల యుద్ధం, అక్కడి తనోళ్ల మీది రంది దాన్ని లేపిందని డ్యూబో నమ్మిండు. లోకానికి మందు తీసినోడు ఇంట్ల మనిషిని కాపాడుకోలేకపోయిండు. రెండేండ్లు హార్వర్డ్‌ల ఉండి, 1944ల మళ్ల రాక్‌ఫెల్లర్‌కొచ్చి టీబీ మీదనే కూసున్నడు. ముద్దలు ముద్దలుగ, నెమ్మదిగ పెరిగే టీబీ బ్యాక్టీరియాను ట్వీన్ అనే పదార్థం కలిపిన ద్రవంల విడివిడిగ, జల్ది పెంచే పద్ధతి తయారుచేసిండు. రెండో భార్య జీన్‌కు సుత టీబీ వచ్చింది, ఆమె బతికి బయటపడ్డది. ఇద్దరు కలిసి టీబీ చరిత్ర మీద ది వైట్ ప్లేగ్ అనే పుస్తకం 1952ల తెచ్చిన్రు.

ఆ పుస్తకం చెప్పే సత్యం మనకు కొత్త కాదు, గని మనం వినలేదు. టీబీ బ్యాక్టీరియా ఊపిరిల దూరిన ప్రతి మనిషికీ రోగం రాదు. చీకటి ఇరుకు ఇండ్లు, ఆకలి, దుమ్ము పని, రంది ఉన్న కాడ అది లేస్తది. ఎలుకలకు తిండి తగ్గిస్తే వాటికి రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతదని ఆయన ల్యాబ్‌లనే చూపిండు. సూక్ష్మజీవి విత్తనమైతే, మనిషి బతికే తీరు నేల. విత్తనాన్ని చంపుకుంటనే కూసుంటే నేల సంగతి ఎవరు చూడాలె?

ఇంకో మాట ఆయన 1940ల మొదట్లనే చెప్పిండు. బ్యాక్టీరియా తావును బట్టి మారే జీవి కాబట్టి, మందును సుత అది తట్టుకుంటది, ఆ రోజు వస్తదని. పెన్సిలిన్ పండుగ నడుస్తున్న టైంల ఆ మాట ఎవరికి ఎక్కుతది?

ఆ రోజు వచ్చింది. కొలిస్టిన్ అనే మందు ఉన్నది. అది సుత పొర మీద పడే పెప్టైడే. వేరే ఏ మందూ పనిచెయ్యని రోగులకు ఐసీయూల చివరి ఆసరా అది. అసొంటి మందును కోళ్లు జల్ది బరువెక్కాలెనని దాణాల కలిపి పెట్టిన్రు. 2015ల చైనాల పందులల్ల, మనుషులల్ల ఎంసీఆర్ 1 అనే జన్యువు దొరికింది. ఆ జన్యువు ఉన్న బ్యాక్టీరియా తన పొర మీది రుణావేశాన్ని తగ్గించుకుంటది. ఇగ ధనావేశం ఉన్న కొలిస్టిన్ దేన్ని పట్టుకోవాలె? అంతకంటే భయం ఏందంటే, ఆ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతది. మన దేశంల 2019ల కోళ్లకు, పసులకు కొలిస్టిన్ వాడొద్దని కేంద్రం నిషేధం పెట్టింది. మంచిదే. గని నిషేధం కాయితం మీద ఉంటే సాలదు. కోళ్ల ఫారాల దాణాను తీసి పరీక్ష చేసి, ఫలితం జనానికి చెప్పే ఏర్పాటు ఉండాలె.

మనిషికిచ్చే మందుల సంగతి సుత అట్లనే ఉన్నది. కొన్ని యాంటీబయాటిక్‌లు డాక్టర్ చీటీ లేకుంట అమ్మొద్దు, అమ్మితే వివరం రాసిపెట్టాలె అని షెడ్యూల్ హెచ్1 నియమం 2014 సంది ఉన్నది. అయినా జలుబుకు సుత పవరున్న గోలి అడిగితే దొరుకుతున్నది. అమ్మేటోన్ని ఒక్కన్నే తిడితే పని కాదు. దినకూలికి పోయే మనిషి జరమొస్తే మూడు దినాలు పండుకోలేడు, ఎల్లుండి పనికి పోవాలె. ఆయనకు దగ్గర్లో సర్కారు దవాఖాన తెరిచి ఉండాలె, పరీక్ష చేసే మనిషి ఉండాలె. అది లేని కాడ గోలి తావు ఖాళీ ఉండదు. డ్యూబో భాషల చెప్పాలంటే నేల అట్లున్నప్పుడు అదే పంట పండుతది.

టీబీ కాడ ఈ మాట ఇంకా నేరుగ తగుల్తది. జార్ఖండ్‌ల టీబీ రోగుల ఇంటోళ్లకు మంచి తిండి ఇచ్చి చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2023ల వచ్చినయి. అదనపు తిండి అందిన ఇండ్లల్ల కొత్తగ టీబీ వచ్చుడు 39 శాతం తగ్గింది. బియ్యం, పప్పు ఇచ్చిన ఫలితం అది. మన దేశంల టీబీ రోగికి తిండి కోసం సర్కారు ఇచ్చే నెల పైసలు 2024 నవంబర్ సంది 500 నుంచి 1000 రూపాయలైనయి. పెంచిన్రు, సంతోషం. గని ఆ వెయ్యి టైముకు అందాలె. రోగి ఒక్కనికే కాదు, అదే అర్ర ల పండుకునే పిల్లలకు, ముసలోళ్లకు సుత తిండి అందాలె. ఇది దయ కాదు, వైద్యమే.

డ్యూబో తర్వాతి కాలంల పర్యావరణం వైపు మళ్లిండు. మనిషి, నేల, గాలి, నీళ్ల మీద రాసిన పుస్తకానికి 1969ల పులిట్జర్ బహుమానం వచ్చింది. 1972ల స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సు కోసం బార్బరా వార్డ్‌తోని కలిసి ఓన్లీ వన్ ఎర్త్ అనే పుస్తకం రాసిండు. ల్యాబ్ వదిలి వేరే దారి పట్టిండని కొందరు అనుకున్నరు. నాకట్ల అనిపియ్యదు. మట్టి గిన్నెల చూసిన సత్యాన్నే లోకమంత పెద్దగ చెప్పిండు. 1982 ఫిబ్రవరి 20న, తన 81వ పుట్టినరోజు నాడే, న్యూయార్క్‌ల కన్నుమూసిండు.

కొత్త పెప్టైడ్‌లు రావాలె. వాటి కోసం ల్యాబులకు పైసలు ఇయ్యాలె, మన సీసీఎంబీ అసొంటి కాడ పనిచేసే పిల్లలకు ఫెలోషిప్‌లు టైముకు పడాలె. అందుల రెండో మాట లేదు. గని రేపు ఎంత తెలివైన పెప్టైడ్ వచ్చినా, దాన్ని సుత కోడి దాణాల కలిపి, జలుబుకు మింగి, పదేండ్లల్ల పనికిరాకుంట చేసుకునే బుద్ధి మనది. బ్యాక్టీరియా పొరకు, మన పొరకు తేడా చెప్పే పని పెప్టైడ్‌కు నేర్పుతున్నం. ఏ మందు ఎవరికి, ఎప్పుడు అన్న తేడా మాత్రం మనమే నేర్వాలె, సర్కారే అమలు చెయ్యాలె. అది ఏ ల్యాబ్ తయారుచేసి ఇచ్చేది కాదు.